నెలాఖరు గురువారం

పిల్లాడు పడుకున్నాడు. మంచానికి అటూ ఇటూ దిండ్లు అడ్డంపెట్టి, ఫ్యాను రెండులో ఉంచి, తలుపు దగ్గరగా వేసి ఆమె హాల్లోకి వచ్చింది. గడియ పెట్టలేదు. ఆ చప్పుడుకి లేస్తాడు. ఇప్పుడు కుక్కరు కూడా పెట్టదు. విజిలొచ్చిందంటే అంతే సంగతి. అందుకే పప్పు పొద్దున్నే ఉడికించి పెట్టేసుకుంది.

టైము పదకొండుంపావు. విజయవాడ పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు ఇది. శ్రావణమాసం, నెలాఖరు, పైగా గురువారం. ఈ మూడూ ఒక్కరోజున వచ్చి పడితే ఏమవుతుందో ఇంట్లో వ్యాపారం పెట్టుకున్న ఆడవాళ్లని అడగాలి. తెల్లారితే శ్రావణ శుక్రవారం, వీధికో పేరంటం. వాయనం డబ్బాలు ఈ రాత్రికే సిద్ధం కావాలి. అదే రాత్రి పన్నెండింటికి, ఆమె సరుకు తెచ్చుకునే కంపెనీ ఈ నెల లెక్క మూసేస్తుంది.

పిల్లాడు పడుకున్నాడు కాబట్టి షాపు తెరుచుకుంది. బోర్డు లేదు, షట్టరు లేదు. దివాన్ కాట్ కింది అర లాగితే వంటింటి డబ్బాలు, మూతలు వేరుగా, గిన్నెలు వేరుగా. అటక మీద నీళ్ల సీసాల పెట్టెలు. బీరువాలో చీరల కింద బిల్లు పుస్తకం. నేల మీద కూర్చుని, న్యూస్‌పేపరు పరిచి, చిన్న డబ్బాల్ని వరసపెట్టి తుడుస్తోంది. గుణదలలో ఒకావిడ ఇరవై ఒకటి చెప్పింది. రేపు వాయనంలో నానబెట్టిన శనగలు పోసి ఇస్తుందట. ప్లాస్టిక్ కవర్లో ఇస్తే ఇంటికెళ్లేలోపు నీరు కారుతుందనీ, డబ్బా అయితే తర్వాత కూడా పనికొస్తుందనీ ఆవిడ లెక్క. సరైన లెక్కే.

ఫోను సైలెంట్లో ఉంది గానీ వెలుగుతూనే ఉంది. వాయిస్ మెసేజ్ పెట్టాలంటే వంటింటి వెనక బాల్కనీలోకి, వాషింగ్ మెషీన్ పక్కకి వెళ్లాలి. అక్కడ నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. “అక్కయ్యగారూ, మీరడిగిన పిండి డబ్బా వచ్చిందండీ. పెద్దది. సాయంత్రం మా పాపతో పంపిస్తాను.” ఇంకో మెసేజు. “వదినా, ఏమీ అనుకోకు, కిందటి నెలది మూడొందల అరవై ఉండిపోయింది.” రెండోది పంపే ముందు రెండుసార్లు చెరిపి మళ్లీ చెప్పింది. అమ్మకం కన్నా వసూలే ఎక్కువ ఓపిక తింటుంది. అప్పు పెట్టినామె రేపు పేరంటంలో పక్కనే కూర్చుంటుంది, ఒకే పళ్లెంలోంచి పసుపు తీసుకుంటారు. అక్కడ మొహం తిప్పుకునే పరిస్థితి రాకూడదు. అలాగని డబ్బూ పోకూడదు.

ఇంతలో కంపెనీలో ఆమెకి పైన ఉండే లీడర్ మేడమ్ ఫోను.

“ఏమ్మా, క్లోజింగ్ గుర్తుందిగా?”

“ఉంది మేడమ్.”

“ఇంకో ఆరువేల బిల్లు పడితే నీకు పైస్లాబు వస్తుంది. పదిహేను వందలు బోనస్. వదులుకోకు. ఇవాళ డెమో ఉందన్నావుగా, ఎవరినైనా చేర్పించు. చేరినామె మొదటి ఆర్డరుతోనే నీ లెక్క నిండిపోతుంది.”

“చూస్తాను మేడమ్.”

లోపలి నుంచి ఒక మూలుగు. ఆమె చెయ్యి గాల్లో ఆగింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. పద్దెనిమిదో డబ్బా దగ్గర పిల్లాడు నిజంగానే లేచాడు. షాపు మూతపడింది.

పిల్లల్ని చూసుకుంటూనే సంపాదించుకోండి అని ఇలాంటి కంపెనీల కాగితాల మీద అచ్చువేస్తారు. ఈ హాల్లో పొద్దుణ్నుంచి కూర్చుంటే ఆ ‘చూసుకుంటూనే’ ఎక్కడా కనబడదు. పిల్లాడు లేచి ఉన్నంతసేపు వ్యాపారం లేదు, వ్యాపారం జరిగినంతసేపు పిల్లాడు నిద్రలోనో ఇంకొకరి ఒళ్లోనో ఉన్నాడు. ఆ ఇంకొకరు కింది ఫ్లాటు పిన్నిగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అయినా సరే, వారానికి రెండు మధ్యాహ్నాలు రెండేళ్ల పిల్లాడి వెంట పరిగెడుతుంది. ఆ కష్టం ఏ కంపెనీ లెక్కలోకీ రాదు. ఈమె పుస్తకంలో మాత్రం ఒక గీత ఉంది. నెలకో మంచి డబ్బా పిన్నిగారికి, డబ్బు తీసుకోకుండా. ఆవిడ వద్దంటుంది, ఈమె వంటింట్లో పెట్టేసి వస్తుంది.

ఇవాళ పిన్నిగారు కూతురింటికి వెళ్లారు. అందుకని పిల్లాడూ డెమోకి వస్తున్నాడు.

రెండున్నర. పటమట నుంచి కానూరు దూరమేం కాదు గానీ, భుజానికి సంచి, చేతిలో ఇంకో సంచి, చంకలో పిల్లాడు. వాన పడి ఆగింది. ఆటోలో కూర్చున్నాక హ్యాండ్‌బ్యాగులోంచి గుర్తింపు కార్డు తీసి మెళ్లో వేసుకుంది. 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగుకి నిబంధనలు పెట్టింది. ముందుగా అడిగి ఒప్పించుకోకుండా, గుర్తింపు కార్డు లేకుండా ఎవరింటికీ అమ్మకానికి వెళ్లకూడదు. నువ్వు ఇంకొందరిని తీసుకొస్తే నీ డబ్బు నీకు తిరిగొస్తుందని ఆశపెట్టి సరుకు అంటగట్టకూడదు. మనుషుల్ని చేర్పించినందుకే డబ్బులొచ్చే పిరమిడ్ స్కీములు నడపకూడదు. కాలనీల్లో తిరిగే చాలామంది కార్డు వేసుకోరు. తెలిసినవాళ్లింటికి వెళ్తూ కార్డేమిటని నవ్వుతారు. ఈమె వేసుకుంటుంది. తెలిసినవాళ్ల దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలంటుంది.

కానూరులో ఐదో అంతస్తు. కిట్టీ పార్టీ ఆడవాళ్లు తొమ్మిదిమంది. తంబోలా అయిపోయింది, మిర్చి బజ్జీలు వచ్చాయి. ఇంటావిడ పిల్లాడిని చూడగానే, “రా నాన్నా, నీకు బిస్కెట్ ఇస్తా” అని ఎత్తుకుంది. వాడు తల్లి చున్నీ వదల్లేదు. చివరికి వాళ్లింటి టీవీలో బొమ్మలు పెట్టి, దాని ముందు కూర్చోబెట్టారు. పొద్దుణ్నుంచి వాడికి తెర చూపించకుండా నెట్టుకొచ్చింది ఆమె. ఇప్పుడు ఒక్క క్షణం వాడి వైపు చూసి, సంచి విప్పింది.

ఇక్కడ చూడాలి ఆమెని. ఇంట్లో గుసగుసలాడిన గొంతు కాదు ఇది.

మధ్యరకం గిన్నె తీసుకుని వంటింటి కుళాయి దగ్గర నిండా నీళ్లు పట్టింది. మూత పెట్టి, మధ్యలో బొటనవేలితో నొక్కి, అంచు కొంచెం పైకెత్తింది. లోపలి గాలి సన్నగా చప్పుడు చేస్తూ బయటికొచ్చింది. అంచు మళ్లీ నొక్కేసింది. హాల్లోకి వచ్చి, ఇంటావిడ కొత్త సోఫా మీదుగా, గిన్నె బోర్లా తిప్పి పట్టుకుంది. తొమ్మిదిమందీ కాళ్లు ముడుచుకున్నారు. ఇంటావిడ బజ్జీ నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. ఒక్క చుక్క పడలేదు. ఆమె గిన్నె ఊపింది. అయినా పడలేదు.

“సాంబారు పోసి స్కూటీ మీద పెట్టుకెళ్లొచ్చు వదినా. కానీ వేడివేడిది పోసి వెంటనే మూత పెట్టొద్దు. స్టవ్ మీదకి అసలొద్దు. ఓవెన్‌లోకి వెళ్లే రకం వేరే ఉంది, ఇది మాత్రం పెట్టకూడదు.” చెయ్యకూడనివి కూడా చెబుతుంది. అలా చెప్పడం వల్లే రెండోసారి పిలుస్తారని ఆమె నమ్మకం.

ఈ నీళ్ల విద్య వెనక ఇంకో తల్లి ఉంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో, భర్త నుంచి విడిపోయి కొడుకుని ఒంటరిగా పెంచుకుంటున్న బ్రౌనీ వైజ్. టప్పర్‌వేర్ డబ్బాలు షాపుల్లో పెడితే ఎవరూ ముట్టుకోని రోజుల్లో, ఆమె వాటిని ఇళ్లలోకి తీసుకెళ్లి, పదిమంది ఆడవాళ్లని కూర్చోబెట్టి చూపించింది. గిన్నెలో నీళ్లు నింపి గదికి అడ్డంగా విసిరేదట. మూత వాడే పద్ధతి ఎవరో ఒకరు చేత్తో చేసి చూపిస్తేనే అర్థమవుతుందని ఆమె కనిపెట్టింది. 1951లో కంపెనీ షాపుల నుంచి సరుకు వెనక్కి తీసుకుని, ఇళ్లలో అమ్మకాలన్నీ ఆమె చేతిలో పెట్టింది. 1954లో ‘బిజినెస్ వీక్’ ముఖచిత్రం మీద ఆమె ఫొటో వచ్చింది. ఆ పత్రిక అట్ట మీదకెక్కిన మొదటి ఆడమనిషి ఆమే. 1958లో కంపెనీ యజమాని ఆమెని తీసేశాడు. అన్నేళ్లు పెంచిన ఆ కంపెనీలో ఆమె పేరున ఒక్క షేరు కూడా లేదు. ఏడాది జీతం చేతిలో పెట్టి పంపేశారు. 1996లో టప్పర్‌వేర్ మన దేశానికొచ్చింది. 2024 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. బ్రౌనీ వైజ్ కథ చదివినప్పుడల్లా నాకు ఆ షేర్ల సంగతి దగ్గరే మనసు ఆగిపోతుంది. హాలు ఆడవాళ్లది, పరిచయాలు ఆడవాళ్లవి, నమ్మకం ఆడవాళ్లది. ఆస్తి మాత్రం ఇంకెక్కడో పోగవుతుంది.

మన పటమట ఆమె అమ్మేది ఏ కంపెనీ సరుకో ఇక్కడ అక్కర్లేదు. అన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే. డబ్బా మీద ధర తొమ్మిది వందలు, ఆమెకి పడేది ఏడొందల ఇరవై. ఆ నూట ఎనభై ఆమెది. ఇదొక ఆదాయం. తన కింద చేరినవాళ్లు చేసిన బిల్లుల మీద, నెల మొత్తం మీద వచ్చే బోనస్ రెండోది. మొదటిది వంటింట్లోకి డబ్బా కొనుక్కున్నామె జేబులోంచి వస్తుంది. రెండోదాని మీద ఆశపడితే మాత్రం ఒకటి గమనించుకోవాలి. ఆ సరుకు చివరికి ఎవరి వంటింటికైనా చేరుతోందా, లేక చేరినవాళ్ల మంచాల కిందే ఉండిపోతోందా?

కానూరు హాల్లో ఆరు సెట్లు రాయించారు. తొమ్మిది వందల లెక్కన ఐదువేల నాలుగు వందలు. ఇద్దరు అక్కడికక్కడే ఫోన్‌పే కొట్టారు. మిగతా నలుగురూ ఒకటో తారీఖు తర్వాత. ఆమెకి మిగిలేది వెయ్యీ ఎనభై. అందులో ఇల్లు ఇచ్చినందుకు ఇంటావిడకి పెట్టిన గిఫ్టు రెండొందల ఇరవై. ఆటో రానూపోనూ నూట అరవై. ఏడొందలు. సంచి సర్దుకుంటూ మనసులోనే వేసుకుంది ఈ లెక్క, ఎవరికీ వినబడకుండా.

పిల్లాడు టీవీ వదిలి, సైజులవారీగా పేర్చిన గిన్నెల్ని ఒక్క తోపు తోశాడు. అవి హాలంతా దొర్లాయి. ఎవరూ విసుక్కోలేదు. ఒకావిడ వంగి ఏరుతూ, “వాడు కూడా డెమో ఇస్తున్నాడమ్మా, చూడు, ఒక్కటీ పగల్లేదు” అంది. నిజంగానే ఆ మాటతో ఏడో సెట్టు అమ్ముడుపోయింది.

చెప్పులేసుకుంటుంటే ఒక అమ్మాయి లిఫ్టు దాకా వచ్చింది. ఇరవై ఐదు ఉంటాయేమో. చంకలో పాప.

“అక్కా, దీంట్లో చేరితే నెలకెంతొస్తుంది? ఇంట్లోనే ఉండి, పాపని చూసుకుంటూ చేసుకోవచ్చంటగా?”

లిఫ్టు వచ్చింది. ఆమె ఎక్కలేదు. తలుపు మూసుకుని కిందికి పోయింది.

ఆ నిమిషం ఆమె మొహం చూస్తే తెలుస్తుంది, పొద్దుటి ఫోను గుర్తొచ్చిందని. ఈ పిల్ల చేరి, మొదటి ఆర్డరు ఈ రాత్రే పెడితే ఆరువేలూ నిండుతాయి. పదిహేను వందలు వస్తాయి. పెద్దపాప స్కూలు వ్యాను ఫీజు కట్టాల్సి ఉంది. అబద్ధం చెప్పక్కర్లేదు కూడా. ‘బాగుంటుంది, చేరు’ అంటే చాలు.

“పాపకి ఎన్నో నెల?”

“ఎనిమిదో నెల అక్కా.”

“ఇంట్లో పట్టుకోడానికి ఎవరైనా ఉన్నారా?”

“లేరు. అత్తయ్యగారు వాళ్ల ఊళ్లోనే ఉంటారు.”

ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. లిఫ్టు పక్కన గోడకానించి, కిందటి నెల పేజీ తిప్పి చూపించింది. “చూడమ్మా. అమ్మకం మీద మిగిలింది తొమ్మిదివేల నాలుగు వందలు. ఆటోలు పంతొమ్మిది వందలు. గిఫ్టులు పదహారు వందలు. కవర్లు, ఫోను నాలుగొందలు. మిగిలింది ఐదున్నర వేలు. అందులో ఇంకా రావలసినవి ఉన్నాయి. మా కింది పిన్నిగారు పిల్లాణ్ని పట్టుకుంటేనే ఈ మాత్రం.”

ఆ అమ్మాయి అంకెల వైపు చూస్తూ ఉండిపోయింది.

“వద్దని కాదు. ముందు నా దగ్గర ఒక పది చిన్న డబ్బాలు తీసుకెళ్లు, డబ్బులివ్వకుండా. మీ అపార్టుమెంటులో అమ్మి చూడు. నీకొచ్చిన తేడా నీది. అమ్ముడుపోనివి నాకిచ్చెయ్. నీకు నచ్చితే, పాపని పట్టుకునే మనిషి దొరికితే, అప్పుడు చేరుదువుగాని.”

నాలుగుంపావుకి పెద్దపాప స్కూలు వ్యాను దిగింది. నాలుగో తరగతి. బ్యాగు సోఫాలో, సాక్సులు ఒకటి హాల్లో, ఒకటి బాత్రూము గుమ్మంలో. తమ్ముడు అక్కని చూడగానే గెంతులు. ఫోన్లు ఎక్కువగా మోగేది ఈ వేళే. వాళ్లిళ్లలోనూ పిల్లలొచ్చి, పాలు తాగి, ఆడవాళ్లకి పది నిమిషాలు తీరిక దొరికేది ఇప్పుడే. కిందటేడు దాకా ఈమె ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో ఎక్కాలు వింటూ ఉండేది. ఒకరోజు పాప పద్యం అప్పచెబుతూ మధ్యలో ఆపి, వేరే పద్యం మొదలుపెట్టి, దాన్నీ ఆపి, “నువ్వు వింటున్నావా లేదా అని చూశాను” అంది. అప్పట్నుంచి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఫోను ఫ్రిజ్ మీద ఉంటుంది. కవర్ల మీద పేర్లు రాయడం పాపకి ఇష్టం, రాస్తుంది. పై ఫ్లాటుకి ఒక డబ్బా ఇచ్చి వస్తుంది. అంతకుమించి పని చెప్పదు తల్లి.

ఇవాళ ఫ్రిజ్ మీద ఫోను ఆపకుండా వణుకుతోంది. భిన్నాలు చేస్తున్న పాప తలెత్తింది. “ఎత్తమ్మా, పర్లేదు.”

“ఆరున్నరకి.”

ఆరున్నరకి తీసి చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. ఒకావిడ ఎదురుచూసి, వేరేవాళ్ల దగ్గర తీసుకున్నానని మెసేజు పెట్టింది. పదిహేను డబ్బాల బేరం. ఆమె దాన్ని చదివి, “సరే వదినా, పూజ బాగా చేసుకోండి” అని జవాబిచ్చింది. ఆ రెండు గంటల్ని మళ్లీ ఫోనుకి ఇవ్వాలా అని ఆలోచిస్తుందేమో అనుకున్నాను. ఆలోచించలేదు. లేచి కూరకి తాలింపు వేసింది.

పదింటికి ఇల్లు సద్దుమణిగింది. భర్త ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాడు. వచ్చి, తిని, ఇప్పుడు నేలమీద కూర్చుని గుణదల డబ్బాలు మూతలతో సహా సరిచూస్తున్నాడు. రేపు పొద్దున్నే డ్యూటీకి ముందు బండి మీద ఇచ్చి వెళ్తాడు. దివాన్ కాట్ అర తెరిచే ఉంది. అందులో వెనకవైపు పెద్ద సెట్లు కొన్ని, సీలు కూడా తీయనివి. పద్నాలుగువేల సరుకు. పోయిన ఉగాదికి ముందు, దసరాకి ముందు, ఇలాంటి నెలాఖరు రాత్రుల్లో లెక్క నింపడానికి తానే కొనుక్కున్నది. అప్పుడొచ్చిన బోనసులు ఖర్చయిపోయాయి. సరుకు ఉండిపోయింది.

లీడర్ మేడమ్ ఫోను స్పీకర్లో పెట్టింది.

“ఎంతకొచ్చిందమ్మా?”

“కానూరు ఆర్డర్లలో నా స్టాకులో లేనివన్నీ ఎక్కించాను మేడమ్. ఇంకో పదిహేను వందల బిల్లు తక్కువుంది.”

“అయ్యో, అంతేనా! నువ్వే ఏదో ఒకటి కొనెయ్. స్టాకు ఎక్కడికి పోతుంది? బోనస్‌లోనే దాని డబ్బు వచ్చేస్తుంది కదా. డెమోలో ఎవరూ అడగలేదా చేరతామని?”

“ఒకమ్మాయి అడిగింది. అమ్మి చూడమని చెప్పాను.”

అవతల కాసేపు మాటలేదు. కోపం కాదు. ఆవిడకీ పైన ఒక లెక్క ఉంది, ఆవిడకీ ఇంట్లో ఇంటర్ చదివే కొడుకు ఉన్నాడు.

భర్త తలెత్తి చూశాడు. “పదిహేను వందలేగా. పెట్టేద్దామా?”

ఆమె తెరిచి ఉన్న అర వైపు చూపించింది. “పదిహేను వందలు పెడితే పదిహేను వందలు వస్తాయండీ. మనకి మిగిలేది ఇంకో డబ్బా. అది అమ్మడానికి మళ్లీ పిల్లాణ్ని ఎవరికో ఇచ్చి, ఆటో ఎక్కి వెళ్లాలి.” తర్వాత ఫోనుకి దగ్గరగా వంగి, “ఈ నెలకి వదిలేస్తున్నాను మేడమ్. ఉన్న స్టాకు శ్రావణంలో అమ్మేస్తాను, అదయ్యాకే కొత్త ఆర్డరు” అంది.

“నీ ఇష్టమమ్మా.”

ఫోను పెట్టేసి, బిల్లు పుస్తకంలో ఈ నెల పేజీ కింద గీత కొట్టింది. రావలసినవి అని రాసి, పక్కన నలుగురి పేర్లు. ఇచ్చిపెట్టినవి అని రాసి, పది చిన్న డబ్బాలు, కానూరు. పిన్నిగారికి ఒకటి. ఇంకా రాస్తుండగానే ఫోను మళ్లీ వెలిగింది. గుణదల ఆవిడ.

“సారీ అమ్మా ఈ టైములో. ఇరవై ఒకటి కాదు, ఇరవై ఐదు చెయ్యి. మా మరదలు వాళ్లూ వస్తున్నారు. అన్నీ ఆకుపచ్చవే ఉన్నాయా?”

ఆమె భర్త వైపు చూసింది. అతను వేళ్లతో చూపించాడు.

“ఆకుపచ్చవి పదహారు ఉన్నాయి వదినా. తొమ్మిది నీలం. పర్లేదా?”

“పర్లేదులే. ముత్తయిదువులకి ఆకుపచ్చవి ఇస్తాను, పిల్లలకి నీలం. ఏడింటికల్లా పంపు, శనగలు పొయ్యాలి.”

“ఆరున్నరకే వస్తారు వదినా. డబ్బులు ఆయన చేతికి ఇచ్చెయ్యండి.”